బుసియా బడుల మాత్ర, మా బడి హాజరుపట్టీ

ప్రతి ఏడాది ఫిబ్రవరి 10న మా ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం ముగిసిన అరగంటకు పిల్లలు తరగతుల వారీగా వరండాలో బారులు తీరుతారు. ఏఎన్‌ఎం తెచ్చిన పెట్టెలో నుంచి నులిపురుగుల నివారణకు ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రను ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చొప్పున ఇస్తాము. ఆ మాత్రను నమిలి తినాలి, అదీ మా కళ్లెదుటే తినాలి, ఇంటికి తీసుకువెళ్లడానికి వీల్లేదు. "నమిలీసేను టీచరూ" అని నాలుక చాపి చూపించే ఆరో తరగతి గుంటలను దాటుకుని, హాజరుపట్టీలో ప్రతి పేరు పక్కన టిక్కు పెట్టుకుంటూ పోవడం జీవశాస్త్రం చెబుతున్నందుకు నాకు దక్కిన పని. భీమిలి తీరంలో పని చేస్తున్న ఈ కాలంలోనూ, అంతకుముందు అరకు వైపు పని చేసిన ఆరేళ్లలోనూ ఈ పని నన్ను విడిచిపెట్టలేదు.

కొన్నేళ్ల క్రితం ఇలాంటి ఒక ఫిబ్రవరి రోజున మా లెక్కల మాస్టారు కుర్చీలోంచి లేవకుండానే, "ఇన్నాళ్లుగా తినిపిస్తున్నాం కదమ్మా, దీనివల్ల ఒక్కడికైనా ఒక్క మార్కు పెరిగిందా?" అని అడిగారు. ఆయన ఎగతాళిగానే అడిగి ఉండవచ్చు. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదన్న సంగతి నాకు ఆ సాయంత్రం దాకా గుచ్చుకుంటూనే ఉంది. సమాధానం కోసం వెతకగా అది నన్ను విశాఖ నుంచి తిన్నగా కెన్యా దేశపు పడమటి అంచున, ఉగాండా సరిహద్దును ఆనుకుని ఉన్న బుసియా అనే ప్రాంతానికి తీసుకుపోయింది. అప్పటి నుంచి ఆఫ్రికా దేశాల్లో విద్యార్థుల చదువు, ఆరోగ్యం, మనసు మీద జరిగిన పరిశోధనలను వీలైనప్పుడల్లా చదువుతున్నాను. మా స్టాఫ్‌రూములో చాలామంది ఆఫ్రికా అంటే ఒక దేశం అన్నట్టు మాట్లాడతారు కాబట్టి ముందే చెప్పాలి. అక్కడ 54 దేశాలున్నాయి. శ్రీకాకుళం సంగతి రాజస్థాన్‌కు ఎంత వర్తిస్తుందో, కెన్యాలో తేలిన విషయం మలావీకి అంతే వర్తిస్తుంది.

బుసియాలో 1998లో ఐసీఎస్ అనే స్వచ్ఛంద సంస్థ 75 ప్రాథమిక పాఠశాలల్లో నులిపురుగుల మందు పంచడానికి పూనుకుంది. ఆ బడుల్లో ముప్పై వేలకు పైగా పిల్లలున్నారు. అందరికీ ఒకేసారి ఇవ్వడానికి సంస్థకు శక్తి చాలదు కాబట్టి బడుల పేర్లను అక్షర క్రమంలో రాసి, వరసగా మూడు జట్లుగా విడదీసి, మొదటి జట్టుకు 1998లో, రెండో జట్టుకు 1999లో, మూడో జట్టుకు 2001లో మందు మొదలుపెట్టారు. ఎడ్వర్డ్ మిగెల్, మైకేల్ క్రెమర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ వంతుల పద్ధతిని ఉపయోగించుకుని, మందు అందిన బడులను, ఇంకా వంతు రాని బడులతో పోల్చారు. హాజరు లెక్కకు బడి పట్టీలను నమ్ముకోలేదు. ముందుగా చెప్పకుండా బడికి వెళ్లి, ఆ రోజు బల్ల మీద ఎవరున్నారో తామే లెక్కపెట్టుకున్నారు. పరిశోధన మొత్తంలో నాకు ఎక్కువ గౌరవం కలిగించిన సంగతి ఇదే, ఎందుకంటే హాజరుపట్టీ ఎలా నిండుతుందో నాకు తెలుసు.

2004లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, మందు అందిన బడుల్లో గైరుహాజరు దాదాపు నాలుగో వంతు తగ్గింది. మందు వేసుకోని పిల్లలకు కూడా కొంత మేలు జరిగింది. ఇది వింతేమీ కాదు. కొంకిపురుగుల గుడ్లు మలంతో పాటు మట్టిలో చేరి, అక్కడ పొదిగిన పిల్లపురుగులు వట్టి కాళ్ల చర్మంలో నుంచి మరో పిల్లవాడి ఒంట్లోకి వెళతాయి. ఏలికపాముల గుడ్లు కడగని చేతుల ద్వారా కడుపులోకి చేరతాయి. ఒకరి కడుపు శుభ్రపడితే పక్కవాడి కాలి కింద మట్టి కూడా ఆ మేరకు శుభ్రపడుతుంది. ఆరో తరగతి పిల్లలకు నేను ఏటా బోర్డు మీద గీసి చూపించే చక్రమే ఇది. బుసియాలో పరీక్షించిన పిల్లల్లో 92 శాతం మందికి ఏదో ఒక రకం పురుగు ఉందని, విక్టోరియా సరస్సు చుట్టుపక్కల నీటి ద్వారా వ్యాపించే షిస్టోసోమా అనే పురుగు కూడా అందులో ఉందని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. మన తీరంలో ఆ పురుగు బెడద లేదు, మిగతా పురుగులూ అంత తీవ్రంగా ఉండవు. కాబట్టి అక్కడి నాలుగో వంతును ఇక్కడికి నేరుగా దించుకోకూడదు.

మరి మార్కుల సంగతి? మార్కులు పెరగలేదు. ఆ మాట వాళ్లే దాచకుండా రాశారు. మా లెక్కల మాస్టారికి నేను ఈ విషయం చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనబడిన సంతోషాన్ని వర్ణించడం నా వల్ల కాదు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2015లో లండన్‌లోని ప్రజారోగ్య పరిశోధకులు అవే వివరాలను తీసుకుని మళ్లీ లెక్క వేసి, చాలా దూరపు బడులకు కూడా మేలు జరిగిందన్న భాగంలో పొరపాట్లున్నాయని చూపించారు. దగ్గరి బడులకు జరిగిన మేలు నిలిచింది గానీ, ఆ తర్వాత నెలల తరబడి ఆర్థికవేత్తలకు, వైద్య పరిశోధకులకు మధ్య పెద్ద వాగ్వాదమే నడిచింది. పిల్లలందరికీ పరీక్ష లేకుండా మందు పంచితే సగటున బరువు గానీ, రక్తం గానీ, చదువు గానీ పెద్దగా మెరుగుపడవని, అనేక అధ్యయనాలను కలిపి తూచిన కాక్రేన్ సమీక్షలు తేల్చాయి. మరోవైపు, ఆనాటి బుసియా పిల్లలను ఇరవై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని చూస్తే, రెండు మూడేళ్లు ఎక్కువగా మందు అందినవారి గంట సంపాదన 13 శాతం, కుటుంబ వినియోగ ఖర్చు 14 శాతం ఎక్కువగా ఉన్నాయని 2021లో మిగెల్, క్రెమర్ బృందం ప్రకటించింది. ఈలోగా 2019లో క్రెమర్‌కు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 2015 ఫిబ్రవరిలో జాతీయ నులిపురుగుల నివారణ దినం మొదలైంది. ఇన్నీ చదివిన తర్వాత నా అభిప్రాయం ఇది. కొన్ని రూపాయల మాత్ర ఒక పిల్లవాణ్ణి ఏడాదిలో నాలుగు రోజులు అదనంగా బడికి పంపగలిగితే అది చౌక బేరమే, కానీ ఆ నాలుగు రోజులు బడిలో వాడికి ఏం దొరుకుతుందన్న ప్రశ్నను మాత్ర మీదికి నెట్టడం మాత్రం మన తప్పించుకునే బుద్ధి.

ఈ తేడాను మరింత సూటిగా చూపించినది అదే కెన్యాలో జరిగిన పాఠ్యపుస్తకాల అధ్యయనం. పిల్లలకు పుస్తకాలు లేకపోవడమే వెనుకబాటుకు కారణమనుకుని గ్రామీణ బడులకు ఉచితంగా పుస్తకాలిచ్చారు. సగటు మార్కులు కదలలేదు. అప్పటికే బాగా చదివే కొద్దిమందికి మాత్రం లాభం కలిగింది. కారణం వెతికితే, పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, చాలామంది పిల్లలకు ఇంగ్లిష్ మూడో భాష. ఇంట్లో ఒక భాష, బజారులో స్వాహిలీ, పుస్తకంలో ఇంగ్లిష్. ఈ వాక్యం చదివిన రోజు నేను ఆ కాగితం పక్కన పెట్టేసి కాసేపు ఊరుకున్నాను. అరకు దగ్గర నా తరగతిలో ఇంట్లో కువి మాట్లాడే పిల్లలు, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు ఉండేవారు. వారికి తెలుగే పరాయి భాష. "కిరణజన్య సంయోగక్రియ" అని బోర్డు మీద రాసి, ఎందుకు అర్థం కావడం లేదని విసుక్కున్న నా మొహం నాకే గుర్తొచ్చింది. ఆ పిల్లలు పొద్దున్నే తేనెటీగ ఏ పువ్వు మీద వాలుతుందో, ఏ ఆకు తింటే మేకకు జబ్బు చేస్తుందో నాకన్నా బాగా చెప్పగలరు. వాళ్లకు రానిది జీవశాస్త్రం కాదు, నా భాష.

అరకులోనే మరో విషయం కూడా చూశాను. వానాకాలంలో మలేరియా జ్వరాలు మొదలైతే ఆశ్రమ పాఠశాలల్లో సగం మంది దుప్పట్లలో ఉండేవారు. జ్వరం తగ్గి లేచి వచ్చిన తర్వాత కూడా వారాల తరబడి వాళ్ల చూపు బోర్డు మీద నిలిచేది కాదు. కెన్యాలోనే బోండో అనే జిల్లాలో 30 పాఠశాలల్లో, జ్వరం ఉన్నా లేకపోయినా చదువు నడిచే నెలల్లో కొన్ని దఫాలుగా మలేరియా మందు ఇచ్చి చూసిన ఒక ప్రయోగం గురించి 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించింది. మందు అందిన బడుల్లో రక్తహీనత దాదాపు సగానికి పడిపోయింది, పిల్లల ఏకాగ్రత కొలతలు మెరుగుపడ్డాయి, అయినా చదువు మార్కుల్లో తేడా కనబడలేదు. మళ్లీ అదే గీత. ఒళ్లు బాగుపడింది, చూపు నిలిచింది, నిలిచిన చూపు ముందు ఏముందన్నది మిగిలింది.

దక్షిణాఫ్రికాను చూస్తే ఈ గీత ఇంకా లోతుగా కనిపిస్తుంది. అక్కడ 1994లో మండేలా ప్రభుత్వం మొదలుపెట్టిన బడి భోజనం ఇప్పుడు తొంభై లక్షల మంది పిల్లలకు అందుతోంది, ప్రాథమిక వయసు పిల్లలు దాదాపు అందరూ బడిలోనే ఉన్నారు. అయినా 2021 నాటి అంతర్జాతీయ పఠన పరీక్షలో నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది, తమకు బడిలో మొదటి తరగతుల నుంచి చదువు చెప్పిన భాషలోనే చదివిన పేరాకు అర్థం చెప్పలేకపోయారు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. మా వీధిలో, పెద్ద వాల్తేరులో, పై అంతస్తు వాటాలో నాలుగేళ్ల పాటు ఇథియోపియా నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి అద్దెకు ఉన్నాడు. విశ్వవిద్యాలయానికి ఆ దేశం నుంచి ఎప్పుడూ కొందరు వస్తూనే ఉంటారు. మా అత్తగారు అతణ్ణి "బాబూ" అని పిలిచి దోసెలు పంపేది. అతడు మొదటిసారి దోసె చూసి, తమ ఇంజెరా అనే అట్టు లాగే పులియబెట్టిన పిండితోనే చేశారని పోల్చుకుని, టెఫ్ అనే గింజ గురించి ఆవిడకు అరగంట సేపు ఇంగ్లిష్‌లో వివరించాడు. ఆవిడకు ఇంగ్లిష్ రాదు. అయినా ఇద్దరూ అర్థమైనట్టే తలలూపుకున్నారు. అరకు కాఫీ పొడి ఇస్తే వాసన చూసి, ఈ మొక్క పుట్టిల్లు మా దేశమే మేడమ్ అని గర్వంగా నవ్వాడు.

అతడి ద్వారానే నాకు యంగ్ లైవ్స్ అనే అధ్యయనం తెలిసింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002 నుంచి ఇథియోపియా, భారత్, పెరూ, వియత్నాం దేశాల్లో దాదాపు 12,000 మంది పిల్లలను చిన్నతనం నుంచి యౌవనం దాకా వెంబడిస్తూ వచ్చారు. భారత్ అంటే ఇక్కడ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. అందులో శ్రీకాకుళం జిల్లా కూడా ఉంది. అంటే అతడి దేశపు పిల్లలు, మన శ్రీకాకుళం పిల్లలు ఒకే ప్రశ్నావళికి ఇరవై ఏళ్లుగా సమాధానం చెబుతున్నారు. ఇద్దరం ఈ సంగతి మాట్లాడుకున్న రోజున అతడు, "మా ఊళ్లో అలా ఇంటికొచ్చి పిల్లల ఎత్తు కొలిచేవాళ్లను చూశాను, ఎందుకో అప్పుడు తెలియదు" అన్నాడు. అది ఈ అధ్యయనమే అయి ఉండాలని నేనేమీ అనను. ఎత్తు కొలిచేవాళ్లు ఆ దేశంలోనూ, ఈ దేశంలోనూ తక్కువేమీ కాదు.

ఎత్తు ఎందుకు కొలుస్తారంటే, వయసుకు తగిన ఎత్తు లేకపోవడం చాలాకాలపు ఆకలికి గుర్తు. మొదటి రెండేళ్లలో పోయిన ఎత్తు ఇక తిరిగి రాదని చాలాకాలం అనుకున్నారు. యంగ్ లైవ్స్ పిల్లల్లో కొందరు ఏడాది వయసులో గిడసబారి ఉండి, ఎనిమిదేళ్లు వచ్చేసరికి కోలుకున్నట్టు తేలింది. అలా కోలుకున్నవారు కోలుకోనివారికన్నా పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. అంతకన్నా నాకు ఇష్టమైన ఫలితం మన రాష్ట్రానిదే. కరవు వచ్చిన ఇళ్లలో పసిపిల్లలకు జరిగిన నష్టాన్ని, తర్వాత బడిలో తిన్న మధ్యాహ్న భోజనం చాలావరకు పూడ్చిందని 2014లో ప్రచురితమైన ఒక విశ్లేషణ చూపించింది. ఆ భోజనం మన రాష్ట్రంలో 2003 నుంచి వండుతున్నారు. అప్పటి నుంచి పేర్లు మారుతూ వచ్చి, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకుంది. గుడ్డు ఉడికిందా, పప్పు నీళ్లయిందా అని మేము రోజూ వంట ఏజెన్సీ వాళ్లతో పడే తగాదాకు ఇంత విలువ ఉందని ఎవరో లెక్కగట్టి చెప్పడం బాగుంది.

ఇవన్నీ అటు నుంచి ఇటు వచ్చిన పాఠాలు. ఇటు నుంచి అటు వెళ్లినవీ ఉన్నాయి. ప్రథమ్ సంస్థ మన దేశంలో 2005 నుంచి ఇంటింటికీ వెళ్లి, పిల్లలతో ఒక చిన్న పేరా చదివించి, రెండు లెక్కలు చేయించి తయారు చేసే అసర్ నివేదికను చూసి, కెన్యా, టాంజానియా, ఉగాండా దేశాల్లో 2009లో ఉవేజో అనే సర్వే మొదలుపెట్టారు. స్వాహిలీలో ఆ మాటకు సామర్థ్యం అని అర్థం. తరగతిని బట్టి కాకుండా వచ్చిన స్థాయిని బట్టి పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి చదివించే ప్రథమ్ పద్ధతిని జాంబియా ప్రభుత్వం తన బడుల్లోకి తీసుకుంది. బోట్స్వానాలో కోవిడ్ కాలంలో బడులు మూసినప్పుడు, కొన్ని ఇళ్లకు లెక్కలు సంక్షిప్త సందేశాలుగా మాత్రమే పంపి, మరికొన్ని ఇళ్లకు వాటితో పాటు వారానికోసారి ఫోన్ చేసి పిల్లలతో మాట్లాడి చూశారు. సందేశం ఒక్కటే వెళ్లిన ఇళ్లలో పెద్దగా ఫలితం లేదు, ఫోన్ చేసిన ఇళ్లలో పిల్లలు నేర్చుకున్నారు. ఆ రెండేళ్లు వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లు పడేసి పాఠం చెప్పామని రాసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి దీని మీద ఎక్కువ మాట్లాడను.

ఒళ్లు, చదువు తర్వాత మనసు. దీని గురించి విశాఖలో కూర్చుని రాయడం కష్టం. ఈ నగరానికి వైద్య విద్య ప్రవేశ పరీక్ష శిక్షణ కోసం వచ్చిన ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులోనే 2025 జులైలో సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మానసిక ఆరోగ్య మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని అందులో చెప్పింది. ఆదేశం సబబైనదే. అంతమంది కౌన్సెలర్లు ఎక్కడి నుంచి వస్తారన్నదే నా సందేహం. ఇంటర్‌కు వెళ్లిన మా పాత విద్యార్థులు దసరా సెలవులకు హాస్టళ్ల నుంచి వచ్చినప్పుడు బడి దగ్గర ఆగి నాతో మాట్లాడతారు. వాళ్ల మాటల్లో స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టుల ర్యాంకులు తప్ప మరేమీ వినబడక చాలాకాలమైంది.

కౌన్సెలర్ల కొరత కెన్యాలో ఇంకా ఎక్కువ. అక్కడ 2016లో వందకు పైగా ఉన్నత పాఠశాలల్లో విద్యార్థులు వసతి గృహాలకు నిప్పు పెట్టారు. పరీక్షల ఒత్తిడి, హాస్టల్ క్రమశిక్షణ మీద కోపం అందుకు చెప్పిన కారణాల్లో ఉన్నాయి. ఆ దేశంలోనే టామ్ ఓస్బోర్న్ అనే యువకుడు సహచరులతో కలిసి షమీరి అనే కార్యక్రమాన్ని రూపొందించాడు. స్వాహిలీలో షమీరి అంటే వికసించడం. 18 నుంచి 22 ఏళ్ల మధ్య వయసున్న, అప్పుడే బడి చదువు ముగించిన కుర్రవాళ్లకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, పది మంది చొప్పున విద్యార్థులతో వారానికి ఒక గంట, నాలుగు వారాలు కూర్చోబెడతారు. జబ్బు అన్న మాట ఎత్తరు. మనిషి మారగలడన్న సంగతి, మేలు చేసినవారిని తలచుకోవడం, తనకు నిజంగా ముఖ్యమైనదేమిటో రాసుకోవడం, ఇంతే. ఇంకో జట్టుకు అదే నాలుగు గంటల్లో బాగా చదవడం ఎలాగో నేర్పారు. 2021లో ప్రచురితమైన ఫలితాల్లో రెండు జట్లలోనూ దిగులు తగ్గింది గానీ, షమీరి జట్టులో ఎక్కువగా తగ్గింది, ఏడు నెలల తర్వాత కూడా ఆ తేడా నిలిచింది.

దీనికి అక్క వంటిది జింబాబ్వేలో ఉంది. అక్కడ 2006లో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు, ఆసుపత్రి ఆవరణలో ఒక చెక్క బల్ల వేసి, దాని మీద శిక్షణ పొందిన అవ్వలను కూర్చోబెట్టాడు. షోనా భాషలో దిగులును కుఫుంగిసిస అంటారట, అతిగా ఆలోచించడం అని దాని అర్థం. మన వైపు "బెంగ పెట్టుకుంది" అంటాం కదా, అటువంటి మాట. డిప్రెషన్ అంటే తలుపు వేసుకునేవాళ్లు, ఆ మాట అంటే బల్ల మీద కూర్చుని మాట్లాడతారు. 2016లో వెలువడిన ప్రయోగ ఫలితాలు ఈ అవ్వల పద్ధతి పని చేస్తుందని చూపించాయి. అది పెద్దల కోసం రూపొందినదే అయినా, నాకు మాత్రం మా బడి వేపచెట్టు కింద ఖాళీగా ఉన్న సిమెంటు తిన్నె గుర్తొచ్చింది.

ఈ ఏడాది పదో తరగతి పిల్లలతో శనివారాలు ఆఖరి పీరియడ్‌లో ఆ తిన్నె దగ్గర కూర్చుంటున్నాను. మా బడిలోనే చదివి ఇప్పుడు డిగ్రీలో ఉన్న ఇద్దరు అమ్మాయిలు వస్తున్నారు. నేను దూరంగా కూర్చోవాలని వాళ్లే షరతు పెట్టారు, ఒప్పుకున్నాను. పెద్ద కష్టం అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చని ఆ నంబరును నోటీసు బోర్డు మీద రాసి ఉంచాము. మా లెక్కల మాస్టారు దీన్ని కూడా, "మార్కులేమైనా పెరుగుతాయా అమ్మా?" అని అడిగారు. తెలియదన్నాను. మరుసటి వారం ఆయన తన పీరియడ్‌ను పది నిమిషాల ముందే ముగించి పిల్లలను పంపారు.

మాత్రల పని మాత్రం ఎప్పటిలాగే సాగుతోంది. ఫిబ్రవరి 10న మా బడిలో 23 మంది రాలేదు. 17న, రానివారికి మళ్లీ మాత్ర ఇచ్చే మాప్‌అప్ రోజున 14 మందికి తినిపించాము. మిగిలిన తొమ్మిది మందిలో అయిదుగురు పడవల మీద వెళ్లిన తండ్రుల వెంట పారాదీప్ వైపు వెళ్లారని, ముగ్గురు మేనమామ పెళ్లికి వెళ్లారని తెలిసింది. తొమ్మిదో పేరు ఎనిమిదో తరగతి అమ్మాయిది. ఆమె పేరు పక్కన టిక్కు పెట్టాల్సిన చోట ఇంటి గుర్తులు రాసుకుని, సాయంత్రం బడి వదిలాక జాలరిపేట సందులోకి వెళ్లాను. తల్లి రేవుకు వెళ్లిందట. ఆ అమ్మాయి చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని, గుమ్మంలో నిలబడి నా చేతిలోని మాత్ర తీసుకుని, నమిలి, నాలుక చాపి చూపించింది.